పూటకో పొయ్యి

కర్నూలులోనైనా కడపలోనైనా మంచి తిండి దొరికే చోటు పట్టుకోవాలంటే బోర్డుల కంటే గడియారమే ఎక్కువ సాయపడుతుంది. తెల్లవారి ఉగ్గాని అమ్మిన బండి పది దాటాక ఆ మూలన కనిపించదు. మధ్యాహ్నం సంగటి ముద్దలు పెట్టిన మెస్సులో మూడున్నరకల్లా గిన్నెలు బోర్లించేసి ఉంటాయి. జొన్నరొట్టెలు కాల్చే ఆమె దీపాలు పెట్టే వేళకు గానీ పొయ్యి వెలిగించదు. పరోటా పెనం రాత్రి ఎనిమిదికి ఊపందుకుంటుంది. ఒక్కో చోట ఒకటో రెండో వంటకాలు, అవీ రెండు మూడు గంటల సేపే. నాలుగు పేజీల మెనూ పెట్టుకున్న ఏసీ రెస్టారెంట్లు రెండు ఊళ్లలోనూ బాగానే వెలిశాయి. వాటిలో దొరికే గోబీ మంచూరియా, పనీర్ బటర్ మసాలా ఏ ఊళ్లోనైనా దొరికేవే కాబట్టి వాటి సంగతి ఇక్కడ అక్కర్లేదు.

ఊరి జనం కూడా చాలాసార్లు హోటలు పేరు చెప్పరు. కర్నూలులో ‘కొండారెడ్డి బురుజు దగ్గర’ అనో ‘రాజ్‌విహార్ సెంటర్‌లో’ అనో అంటారు. కడపలో ‘ఏడు రోడ్ల కాడ’, ‘కోటిరెడ్డి సర్కిల్ దాటినాక’ అని చెయ్యి చూపిస్తారు. బోర్డు మారినా యజమాని మారినా కూడలి మారదు. కొత్తగా వచ్చినవాళ్లు అడగాల్సింది ‘మంచి హోటల్ ఎక్కడ’ అని కాదు. ‘ఈ పూట సంగటి ఎక్కడ బాగుంటుంది’ అని అడిగితే ఆటో డ్రైవర్ దగ్గర్నుంచి పోలీసు కానిస్టేబుల్ దాకా అందరి దగ్గరా జవాబు ఉంటుంది, అదీ ఒకరి మాటకు ఇంకొకరి మాట కలవకుండా.

రెండు ఊళ్ల మధ్య నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా 40వ నంబరు జాతీయ రహదారి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వానను నమ్ముకున్న నేల ఇది. ఈ మెట్ట సీమ మధ్యగా ఒక నీటి చార కనిపిస్తుంది. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించి, 1882లో ప్రభుత్వం కొన్న కర్నూలు–కడప కాలువ అది. కాలువ కింద వరి, కాలువ దాటితే జొన్న, కొర్ర, శెనక్కాయ. ‘కర్నూలు సోనా’ పేరుతో ఊరూరా అమ్ముడయ్యే సన్నబియ్యానికీ, రొట్టెకీ సంగటికీ ఒకే ప్రాంతం పుట్టిల్లు కావడానికి కారణం ఇదే. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరే జిల్లా అయింది, రాయచోటి వైపు అన్నమయ్య జిల్లాలో కలిసింది. తిండి లెక్కలో మాత్రం పాత సరిహద్దులే చెల్లుతున్నాయి.

డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇల్లు ఈ దారిలో మరీ పాతదేమీ కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్లాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకీ కనిపించేది ఒకటే ఆరా: బజారు ఉందా, సామాన్లు దొరుకుతాయా, సత్రం ఉందా, నీళ్లు ఎలాంటివి. వండుకోవడం బాటసారి పనే. పెద్ద పరివారంతో కదిలిన వీరాస్వామయ్యకు అది కుదిరింది, మూట భుజాన వేసుకుని నడిచేవాడికి అటుకులో చద్దిమూటో దిక్కు. 1871లో మద్రాసు రైలు మార్గం కడప, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. రైలు వచ్చాక స్టేషన్ల దగ్గర కాఫీ హోటళ్లు, ఆ తర్వాత కన్నడ తీరం నుంచి ఉడిపి హోటళ్లు వచ్చాయి. ఇడ్లీ, దోశ, కాఫీ సీమ బజారుకు ఎక్కింది అలాగే.

కర్నూలుకు ఇంకో మలుపు 1953 అక్టోబరు 1న వచ్చింది. ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఆ ఊళ్లో కార్యాలయాలు కొన్ని గుడారాల్లోనే నడిచాయి. మద్రాసు వదిలి వచ్చిన గుమాస్తాలు, అధికారులు, వారి వెంట పనుల మీద వచ్చిపోయేవాళ్లు 1956 దాకా అక్కడే తిని అక్కడే పడుకున్నారు. అప్పటి ఏ, బీ, సీ క్యాంపుల పేర్లు నేటికీ అలాగే ఉన్నాయి. రాజధాని హైదరాబాదుకు పోయాక కూడా జిల్లా కేంద్రంగా, బస్సులు మారే కూడలిగా, వైద్యానికీ చదువుకూ వచ్చేవాళ్ల ఊరుగా కర్నూలు నిలిచింది. మెస్సు అన్నది బతకాలంటే ఇంటికి దూరంగా ఉన్నవాళ్లు కావాలి. ఆ జనం అక్కడ ఎన్నడూ తగ్గలేదు.

ఏ హోటల్లోకి అడుగుపెట్టినా ఒక స్థానిక సరుకు మాత్రం తప్పకుండా ఉంటుంది, అది తినేది కాదు. చేతుల కింద చల్లగా తగిలే నల్లటి టేబుల్ పలక కడప బండ. దక్షిణాది వంటిళ్ల గట్లకు వాడిన ఆ సున్నపురాయి పుట్టిన చోట అది టేబులుగా, మెట్టుగా, చేతులు కడిగే గట్టుగా, పిండి రుద్దే పీటగా కనిపిస్తుంది.

ఉగ్గాని వేళ

ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వీధుల్లో గెలుపు ఉగ్గానిదే. ముడిసరుకు బొరుగులు. ఉడికించి ఎండబెట్టిన బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి, బట్టీలో కాగిన ఇసుకలో వేయిస్తే పొంగి బొరుగులవుతాయి. ఉగ్గానికి వీటిని నీళ్లలో ముంచి వెంటనే పిండాలి. ఆలస్యమైతే మొత్తం పిడచ కడుతుంది. బాండలిలో నూనె కాగాక ఆవాలు, ఎర్రగడ్డ ముక్కలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పసుపు వేస్తారు. కొందరు టమాటా కూడా వేస్తారు, పిండిన బొరుగులకు మళ్లీ తడి ఎందుకని కొందరు వెయ్యరు. బొరుగులు కలిపాక చివర్లో పప్పుల పొడి చల్లాలి. సీమలో ‘పప్పులు’ అంటే వేయించిన శెనగపప్పు. దాన్ని ఎండుకొబ్బరితో, కొన్ని చోట్ల తెల్లగడ్డతో కలిపి దంచిన పొడి ఇది. బొరుగుల మీది తడిని ఈ పొడి పీల్చుకుని గింజకు గింజను విడదీస్తుంది. నిమ్మరసం పిండితే పని పూర్తి.

పక్కన మిరపకాయ బజ్జీ లేని ఉగ్గాని సగం ప్లేటే. సన్నగా పొడవుగా ఉండే బజ్జీ మిరపకాయలకు కారం తక్కువ, బజ్జీకి అసలు రుచి తెచ్చేది శెనగపిండిలో పడిన వాము. బజ్జీని చిదిమి ఉగ్గానిలో కలుపుకుని తినేవాళ్లూ, ముద్దకో కొరుకు కొరికేవాళ్లూ రెండు పార్టీలుగా ఉన్నారు. బజ్జీలు ముందే వేసి గుట్టగా పోసిన బండి దగ్గర ఆగనక్కర్లేదు. పది అడుగులు వేస్తే అప్పుడే నూనెలోంచి తీస్తున్న బండి ఇంకొకటి ఉంటుంది.

ఇదే వంటకం బళ్లారి వైపు ఒగ్గరణె పేరుతో మిర్చి బజ్జీ తోడుగానే దొరుకుతుంది. ఇందులో ఆశ్చర్యం లేదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలోవే. రాష్ట్రాలు విడిపోయిన రోజున తాలూకాలు ఇటు వచ్చాయి, వాటితో పాటు వాటి పొద్దుటి పూట కూడా. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి, శెనక్కాయ మూటలు దించే హమాలీలకు ఇది సరిగ్గా సరిపోయే తిండి. త్వరగా తయారవుతుంది, చేతిలో కాగితం మీద ఇమిడిపోతుంది, కడుపు బరువెక్కకుండా పదింటి దాకా ఆపుతుంది. కడప వైపు వెళ్లేకొద్దీ ఉగ్గాని పలచబడుతుంది. అక్కడ పెనానిదే రాజ్యం.

ఎర్రకారం పూసిన దోశ

కడప కారం దోశ ప్రొద్దుటూరు, కడప, మైదుకూరు, జమ్మలమడుగు టిఫిన్ సెంటర్లలో రోజూ కాల్చే సాదా సరుకే. దానికి పట్నాల్లో వచ్చిన పేరు తర్వాతి సంగతి. పిండి కాస్త మందంగా పోస్తారు. అంచు పైకి లేవకముందే ఎర్రకారం పూస్తారు. నానబెట్టిన ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డ, ఉప్పు కలిపి మెత్తగా నూరితే వచ్చే ముద్ద ఇది. దాని మీద పప్పుల పొడి, చుట్టూ నూనె, అడిగినవాళ్లకు నెయ్యి. కొన్ని చోట్ల లోపల ఉర్లగడ్డ కూర కూడా పెడతారు. కారం పెనం వేడికి దోశ మీదే కాలాలి, పచ్చి వాసన అక్కడే పోవాలి. పెద్ద పెనం మీద ఏడెనిమిది దోశలు ఒకేసారి పోసే మాస్టరు కారం పూయడానికి ఏ దోశ దగ్గరికి ముందు వెళ్తాడో గమనిస్తే అతని పనితనం తెలిసిపోతుంది.

మైసూరు మసాలా దోశలోనూ ఎర్ర చట్నీ పూస్తారు. అక్కడ అది లోపల దాగిన పలుచని పూత, కూరకు తోడు. ఇక్కడ కారమే వంటకం. అందుకే పక్కన ఇచ్చే శెనక్కాయ చట్నీ గానీ పప్పుల చట్నీ గానీ తెల్లగా, చప్పగా, పలచగా ఉంటుంది. అలవాటు లేనివాళ్లు దాన్ని రుచి లేని చట్నీ అనుకుంటారు. రెండో తునక నోట్లో పెట్టుకున్నాక మళ్లీ వెయ్యమని అడుగుతారు. పూరీకి బొంబాయి చట్నీ, ఇడ్లీకి కారప్పొడి నెయ్యి కూడా ఇవే సెంటర్లలో ఉంటాయి, కానీ కడప దాకా వచ్చి ఇడ్లీ అడగడం అవకాశం పోగొట్టుకోవడమే.

ఎర్రగడ్డల మాటకొస్తే, కడప చుట్టుపక్కల పండే కృష్ణాపురం ఉల్లికి, అంటే కేపీ ఉల్లికి, ఘాటు ఎక్కువ. ఆ చిన్న ఎర్ర గడ్డ ఎక్కువగా ఆగ్నేయాసియా దేశాలకు ఓడల్లో ఎగుమతి అవుతుంది. ప్రొద్దుటూరు బంగారం, బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. దుకాణాలు తెరిచేలోపే వ్యాపారులు, గుమాస్తాలు, బయటూరి నుంచి సరుకు కొనవచ్చినవాళ్లు టిఫిన్ ముగిస్తారు. ఆ రద్దీ వల్లే అక్కడ పెనం చల్లారదు, పిండి పులిసిపోయేదాకా ఉండదు.

సంగటి ముద్ద

మధ్యాహ్నం పన్నెండున్నరకు కథ మారుతుంది. సంగటి ఒకప్పుడు హోటల్లో కొనుక్కునే వస్తువు కాదు. ఇంట్లో రోజూ ఉండేది, వచ్చిన చుట్టానికి మాత్రం వరి అన్నం వండేవారు. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక మెట్ట పల్లెల్లోనూ అన్నమే రోజువారీ తిండి అయింది. ఇంట్లో సంగటి తగ్గినకొద్దీ అది బజారుకు వచ్చింది. ఇప్పుడు చుట్టం వస్తే సంగటికి పిలుస్తున్నారు. వడ్డించే వరస తలకిందులు కావడానికి ఒక్క తరం పట్టింది. ఆ తర్వాత చక్కెర జబ్బు భయం తోడై రాగికి గిరాకీ ఇంకా పెంచింది.

హోటల్లో చేసే పద్ధతి ఇంటిదే, పాత్ర మాత్రం పెద్దది. బియ్యమో నూకలో నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా ఉడికిస్తారు. పైన రాగిపిండి గుట్టగా పోసి, మధ్యలో కట్టెతో బొక్క పెట్టి, మూత వేసి సన్నని సెగ మీద మగ్గనిస్తారు. పిండి ఉడికిన వాసన వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. ఇద్దరు పాత్రను పట్టుకుంటే ఒకరు సంగటి కట్టెతో ఉండ కట్టకుండా గెలకాలి. వేడి మీదే చెయ్యి తడుపుకుని ముద్ద చెయ్యాలి. ముద్ద చేతికి అంటుకుంటే పిండి సరిగా ఉడకలేదని, విరిగితే నీళ్లు చాలలేదని లెక్క. బియ్యం పాలు ఎక్కువైన హోటలు సంగటి తెల్లబారి ఉంటుంది. రాగి ధర పెరిగినప్పుడల్లా ముద్ద రంగు మారడం తిండిప్రియులు కనిపెడుతూనే ఉంటారు. పళ్లెంలో ముద్దకు వేలితో గుంట చేసి, అందులో పులుసు పోసుకుని, చిన్న చిన్న తునకలుగా ముంచి మింగాలి. నమిలితే పళ్లకు అంటుకుంటుంది.

సంగటికి జత నాటుకోడి పులుసు. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, చెక్క, లవంగం వేయించి నూరిన మసాలా, పైన ఎర్రగా తేలే నూనె. నాటుకోడి త్వరగా ఉడకదు, అందుకే నిజంగా వండే చోట అది ఉదయమే పొయ్యెక్కి మధ్యాహ్నానికి దిగుతుంది, అయిపోతే అయిపోయిందని చెప్పి పంపేస్తారు. రాత్రి పదికి అడిగినా పది నిమిషాల్లో ‘నాటుకోడి’ తెచ్చిపెట్టే చోట అనుమానించడంలో తప్పులేదు. గుడ్లు పెట్టడం మానేసిన లేయర్ కోడిని ఆ పేరుతో వడ్డించే హోటళ్లు లేకపోలేదు. నాటుకోడి ఎముక గట్టిగా, సన్నగా ఉంటుంది, తోలుతో సహా వండుతారు, ముక్కలు చిన్నవిగా కొడతారు. పెద్ద పెద్ద మెత్తని ముక్కలు కనిపించాయంటే సంగతి వేరే.

కోడి తర్వాత పొట్టేలు. కూర, తలకాయ, బోటి, పాయ ఒక్కోటి ఒక్కో హోటలుకు పేరు తెస్తాయి. తలకాయ, పాయ పొద్దున్నే అయిపోతాయి, వాటికోసం సంగటి దాకా ఆగితే దొరకవు. ఆదివారం ఇళ్లలోనే సియ్యల కూర, అంటే మాంసం కూర, వండుకుంటారు గనక ఆ రోజు హోటళ్లు ఖాళీగా ఉంటాయనుకుంటే పొరపాటు. ఊళ్లోవాళ్లు తగ్గినా హైదరాబాదు–బెంగళూరు దారి మీది కార్లు ఆ లోటు తీరుస్తాయి. కడప వైపు ఇంకో జత ఉంది, అది అలసంద వడలూ నాటుకోడి కూర. నానిన అలసందలను పొట్టు తీసి కచ్చాపచ్చాగా రుబ్బి, పచ్చిమిరప, అల్లం వేసి కాల్చిన వడ పులుసును పీల్చుకుంటుంది. పండగ ఇంటి వంటకం ఇది, హోటళ్లలో రోజూ ఉండదు. ముందుగా అడిగి చేయించుకోవాల్సినదే.

మాంసం తిననివాళ్లకు సంగటి హోటల్లో చోటు లేదనుకోనక్కర్లేదు. బోర్డు మీద రాయరు గానీ గోంగూర పుల్లగూర, వంకాయ శెనక్కాయ కూర, పప్పు, శెనక్కాయల ఊరుబిండి ఏవో రెండు లోపల ఉంటాయి. ఊరుబిండి నెయ్యితో తిన్న సంగటికి కోడిపులుసు అవసరం రాదని వాదించేవాళ్లు కడపలో చాలామందే ఉన్నారు, ఆ వాదంలో బలం ఉంది.

రాగి ఒక్కటే సీమ ధాన్యం కాదు. నంద్యాల, కర్నూలు నల్లరేగడిలో జొన్న, కొర్ర పాత పంటలు. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం కొర్రలో ‘సూర్యనంది’ లాంటి రకాలను రైతులకు అందించింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి కొర్ర పొంగలి, సామల ఉప్మా, కొర్ర బిర్యానీ పెట్టే టిఫిన్ సెంటర్లు రెండు ఊళ్లలోనూ కనిపిస్తున్నాయి. పేదవాడి కొర్రకూడు అక్కడ సన్నబియ్యం భోజనం కంటే ఎక్కువ ధరకు అమ్ముడవుతోంది.

చేతిచప్పుడు రొట్టెలు

సాయంత్రం కర్నూలు వీధుల్లో తపతపమని వినిపించే చప్పుడును బట్టి జొన్నరొట్టెల పొయ్యి ఎక్కడుందో తెలుస్తుంది. ఈ వ్యాపారం చాలావరకు ఆడవాళ్లదే. పెట్టుబడి తక్కువ: ఒక పొయ్యి, ఒక పెనం, ఒక పీట. గోధుమలో ఉండే సాగే జిగురు జొన్నలో లేదు గనక చపాతీలా కర్రతో ఒత్తితే అంచులు చీలిపోతాయి. మరిగిన నీళ్లతో పిండి కలిపితే ఆ వేడికి కొంత బంక వస్తుంది. దాన్ని అరచేత్తో పీట మీద తిప్పుతూ తట్టాలి. పెనం మీద వేశాక పై పొడిపిండిని తడిగుడ్డతో తుడవడం, తిప్పడం, చివర సెగ మీద పొంగించడం అన్నీ ఒకే మనిషి, ఒకే వరసలో. పదేళ్ల అనుభవం ఉన్న చెయ్యి తట్టిన రొట్టె అంచు నుంచి నడిమి దాకా ఒకే మందం ఉంటుంది.

మెత్తనిది అప్పటికప్పుడు తినడానికి. కడక్ రొట్టె పెనం మీద ఆరిపోయి పెళపెళలాడేదాకా కాల్చినది, వారం రోజులు నిలవుంటుంది. దూర ప్రయాణాలకు కట్టించుకుపోయేది దాన్నే. తోడు ఎర్రకారం, పప్పు, గోంగూర పచ్చడి, గుత్తి వంకాయ. చాలా చోట్ల కూర్చోవడానికి బల్ల ఉండదు. రొట్టెలు లెక్కపెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు, కూర ఇంట్లో చూసుకోవాలి.

పలావు, పరోటా

కర్నూలును 1839 దాకా, కడపను 18వ శతాబ్దంలో నవాబులు ఏలారు. వాళ్ల కోటల్లో మిగిలింది కొంచెమే, వంటిళ్లు మాత్రం పాత బస్తీల్లో నడుస్తూనే ఉన్నాయి. బోర్డు మీద బిర్యానీ అని రాసినా పెద్దవాళ్ల నోట అది పలావే. హైదరాబాదు దమ్ బిర్యానీతో పోలిస్తే కేవడా వాసనలు తక్కువ, కారం పాలు ఎక్కువ. పక్కన పెరుగు పచ్చడితో పాటు దాల్చా గానీ షేర్వా గానీ ఇస్తారు. ముక్కలు లేని ఉత్త బిర్యానీ అన్నాన్ని కుస్కా అంటారు. చేతిలో డబ్బు తక్కువున్న విద్యార్థి కుస్కా తీసుకుని షేర్వా రెండుసార్లు పోయించుకుని కడుపు నింపుకుంటాడు. ఏ హోటలూ దానికి మొహం చిట్లించదు. హలీం మాత్రం రంజాన్ నెలలోనే, ఇఫ్తార్ తర్వాతే వెతకాలి.

కడప పెద్ద దర్గా, అంటే అమీన్ పీర్ దర్గా, ఉరుసు రోజుల్లో ఊళ్లో తిండి వేళలన్నీ మారిపోతాయి. దూరపు ఊళ్ల నుంచి వచ్చే జనంలో మతాల లెక్క ఉండదు, అర్ధరాత్రి దాకా చుట్టుపక్కల వీధుల్లో పొయ్యిలు వెలుగుతూనే ఉంటాయి. అదే కడపలో ఉగాది రోజున ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరుని గుడికి వెళ్తారు. ఆ స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచని వాళ్ల నమ్మకం.

రాత్రి బండ్లలో పరోటా ఉంది. మైదాపిండిని గాల్లో విసిరి మడతలు పెట్టే ఈ పని తమిళ సీమ నుంచి మద్రాసు రోడ్డు వెంట కడపకు ఎక్కింది. ఉత్తరాన కర్నూలుకు వస్తే హైదరాబాదు గాలి తగులుతుంది, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ కనిపిస్తాయి. రెండు వందల కిలోమీటర్లలో తోడు దొరికే టీ కూడా మారుతుంది.

తీపి, చల్లన

సీమలో తీపి పండగకు ముడిపడినది. ఓళిగలు అన్నా బచ్చాలు అన్నా పప్పు బెల్లం పూర్ణం పెట్టి కాల్చినవే. వాటిని ఏడాది పొడవునా పెనం మీద కాల్చి వేడిగా అమ్మే దుకాణాలు ఇప్పుడు రెండు ఊళ్లలోనూ ఉన్నాయి. నిప్పట్లు, చెక్కిలాలు, కజ్జికాయలు తూకానికి అమ్మే ఇంటి వ్యాపారాలు కూడా అంతే. వేసవిలో నన్నారి షర్బత్ బండ్లు లెక్కకు మిక్కిలిగా వస్తాయి. నల్లమల లాంటి కొండల్లో దొరికే సుగంధి వేళ్లను మరిగించి చక్కెర పాకం పడితే నన్నారి. అందులో నిమ్మకాయ పిండి సోడా కొట్టి ఇస్తారు. మరీ ఎర్రగా కనిపించేది రంగూ సెంటూ కలిపిన సరుకు, వేళ్లది కాదు. అదే కాలంలో బనగానపల్లె మామిడి వస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పండును పుట్టిన ఊళ్లో కొనుక్కోవాలంటే ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకానే సమయం.

ఊరు దాటితే

పట్టణం దాటాక తిండి దొరకడం ఒక్కసారిగా కష్టమవుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు చుట్టుపక్కల రాత్రంతా తెరిచి ఉండే దాబాలకు కొదవ లేదు. గండికోటలో మాత్రం పర్యాటక శాఖ హరిత హోటలు, కొన్ని చిన్న దుకాణాలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. జమ్మలమడుగులో టిఫిన్ ముగించుకుని కోట ఎక్కినవాళ్లు తెలివైనవాళ్లు. బెలుం గుహలకు వెళ్లేవాళ్లకూ ఇదే మాట. ఫోన్‌లో ఆర్డర్ తీసుకునే యాప్‌లు కర్నూలు, కడప పట్టణాల్లో పనిచేస్తాయి గానీ వాటిలో ఉగ్గాని బండి, రొట్టెల పొయ్యి కనిపించడం అరుదు. అవి అడ్రస్ ఉన్న హోటళ్లకే పనికొచ్చే ఏర్పాటు.

డబ్బు అడగని పంక్తులు ఈ సీమలో ఎప్పటినుంచో ఉన్నాయి. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠం అన్నప్రసాదం, అహోబిలంలో సత్రాల భోజనం, బ్రహ్మంగారి మఠంలో భక్తులకు పెట్టే అన్నం బాటసారిని ఆదుకుంటున్నాయి. వీటన్నిటిలో అబ్బురపరిచేవి అవధూత కాశినాయన పేరుతో నడిచే ఆశ్రమాలు. కడప జిల్లాలో ఆయన పేరు మీద ఒక మండలమే ఉంది. ఆ మండలంలోని జ్యోతి క్షేత్రంలో, నల్లమల అంచున ఉన్న శాఖల్లో వచ్చినవాళ్లకు వచ్చినట్టు భోజనం పెడతారు. బస్సు తప్పిపోయిన ప్రయాణికుడు, మేకలు కాసేవాడు, శ్రీశైలం నడిచిపోయే శివస్వామి ఒకే పంక్తిలో కూర్చుంటారు. రైతులు కళ్లంలోంచే ధాన్యం పంపుతారు, పప్పూ సాంబారూ మజ్జిగా రోజూ అవే.

పట్టణాల్లో ఆ పని కొంతవరకు అన్న క్యాంటీన్లు చేస్తున్నాయి. 2018 జూలైలో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15 నుంచి మళ్లీ తెరుచుకున్న ఈ క్యాంటీన్లలో పూటకు ఐదు రూపాయలు. పొద్దున ఇడ్లీ, పూరీ, ఉప్మా లాంటి టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి అన్నం, కూర, పప్పు లేదా సాంబారు, పెరుగు. ఆస్పత్రికి వచ్చినవాళ్లు, కూలీ అడ్డాల మీద నిలబడేవాళ్లు, హాస్టల్ దొరకని విద్యార్థులు వరసలో ఉంటారు. రాష్ట్రమంతటికీ ఒకే మెనూ కావడంతో సంగటీ ఉగ్గానీ అందులో లేవు. ఆదివారం సెలవు.